రెండు గదుల అంతరిక్ష యాత్ర

(సూళ్లూరుపేటలో సైన్స్ ఉపాధ్యాయుల ముందు చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

వేదిక మీదున్న పెద్దలకు, చుట్టుపక్కల మండలాల నుంచి వచ్చిన సైన్స్ మాస్టార్లకు, టీచరమ్మలకు నమస్కారం.

రాకెట్లు లేచే శ్రీహరికోట పక్కనే ఉన్న సూళ్లూరుపేటలో నిలబడి రాకెట్ల గురించి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. పీఎస్‌ఎల్‌వీ లేచాక ఆ చప్పుడు ఊళ్లోకి ఎంతసేపటికి వస్తుందో ఇక్కడ మూడో తరగతి పిల్లాడు కూడా చెబుతాడు. అందుకని ఈ రోజు రాకెట్ జోలికి పోను. రాకెట్ ఎక్కకుండానే అంతరిక్ష యాత్ర చేసివచ్చే పిల్లల గురించి, వాళ్లచేత ఆ యాత్ర చేయించే కేంద్రాల గురించి చెబుతాను. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు అమెరికాలో ఉన్నాను. అక్కడ అలాంటి ఒక కేంద్రంలో సెలవు దొరికినప్పుడల్లా వలంటీరుగా పనిచేశాను. అక్కడ చూసినవాటిలో నా మనసుకు బాగా పట్టినది ఒకటుంది. అదేమిటో చెప్పాలంటే ముందు ఆ కేంద్రాలు ఎందుకు పుట్టాయో చెప్పాలి.

1986 జనవరి 28. ఛాలెంజర్ వ్యోమనౌక పైకి లేచిన 73 సెకన్లకు ముక్కలైపోయింది. లోపల ఏడుగురు. కమాండర్ డిక్ స్కోబీ, పైలట్ మైకేల్ స్మిత్, జుడిత్ రెస్నిక్, ఎలిసన్ ఒనిజుకా, రోనాల్డ్ మెక్‌నైర్, గ్రెగరీ జార్విస్, క్రిస్టా మెకాలిఫ్. ఆఖరున చెప్పిన క్రిస్టా మన వృత్తిలోని మనిషి. న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని కాంకర్డ్ అనే ఊళ్లో హైస్కూల్లో సోషల్ పాఠాలు చెప్పేవారు. అంతరిక్షంలోకి ఒక టీచరును పంపిస్తామని నాసా ప్రకటిస్తే 11 వేలమందికి పైగా దరఖాస్తు పెట్టారు. అందులోంచి ఎంపికైన మనిషి ఆవిడ. కక్ష్యలోంచి రెండు పాఠాలు చెప్పాలని సిద్ధం చేసుకున్నారు. టీచరమ్మ పైకి వెళ్తున్నారు చూడండర్రా అని ఆ రోజు అమెరికాలో ఎన్నో బడుల్లో పిల్లల్ని టీవీల ముందు కూర్చోబెట్టారు. ఆ పిల్లలు అది చూశారు.

పోయినవాళ్ల పేరు మీద మామూలుగా ఏం చేస్తాం? విగ్రహం పెడతాం. వీధికో భవనానికో పేరు పెడతాం. ఏడాదికోసారి దండ వేస్తాం. ఆ ఏడు కుటుంబాలవాళ్లు కూడా కూర్చుని ఇదే మాట్లాడుకున్నారు. స్కోబీ గారి భార్య జూన్ స్కోబీ స్వయంగా టీచరు, విద్యారంగంలో డాక్టరేట్ చేసిన మనిషి. తమవాళ్లు బయల్దేరిన పనిలో సగం పాఠం చెప్పడమే కదా, ఆ సగమైనా ఆగకూడదు అనుకున్నారు. దుర్ఘటన జరిగిన మూడు నెలలకే, ఏప్రిల్లో, ఛాలెంజర్ సెంటర్ అనే సంస్థ పెట్టారు. 1988లో హ్యూస్టన్‌లోని ప్రకృతి శాస్త్ర మ్యూజియంలో మొదటి లెర్నింగ్ సెంటర్ తెరిచారు. తర్వాత ఊరూరా వచ్చాయి. ఇప్పటికి 60 లక్షలమందికి పైగా పిల్లలు వాటి గుండా వెళ్లారు. దుఃఖంలో ఉన్న మనుషులు మూడు నెలల్లో ఇంత దూరం ఆలోచించారంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

క్రిస్టా చెప్పకుండా మిగిలిపోయిన పాఠాలు కూడా అలాగే ఉండిపోలేదు. ఆవిడకు ఏదైనా అయితే బదులు వెళ్లడానికి శిక్షణ పొందిన బార్బరా మోర్గన్ అనే ప్రాథమిక పాఠశాల టీచరు 2007లో అంతరిక్షంలోకి వెళ్లారు. 2018లో జో అకాబా, రిచర్డ్ ఆర్నాల్డ్ అనే ఇద్దరు వ్యోమగాములు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో క్రిస్టా ప్రయోగాలు కొన్ని చేసి వీడియోలు తీశారు. వాళ్లిద్దరూ పూర్వాశ్రమంలో బడిపంతుళ్లే.

ఇక ఆ లెర్నింగ్ సెంటర్ లోపలికి వెళ్దాం.

లోపల రెండు గదులుంటాయి. ఒకటి మిషన్ కంట్రోల్. వరసగా బల్లలు, వాటి మీద కంప్యూటర్లు, ఎదురుగా పెద్ద తెర. రెండోది వ్యోమనౌక. అందులో పరికరాలు, చేతులు దూర్చి పనిచేసే గాజు పెట్టెలు, చిన్న రోబో చెయ్యి, నీళ్ల నమూనాలు. రెండింటికీ మధ్య గోడ. ఆ గోడే అసలు సంగతి. ఎక్కువగా ఐదు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలు వస్తారు. తరగతిని రెండుగా విడదీసి సగం మందిని నౌకలోకి, సగం మందిని కంట్రోల్లోకి పంపిస్తారు. ప్రతి పనికీ ఇటొకరు అటొకరు ఉంటారు. నావిగేషన్‌కు ఒక జట్టు, వైద్యానికి ఒకటి, గాలీ నీరూ చూసుకునే లైఫ్ సపోర్ట్‌కు ఒకటి, పరిశోధక యంత్రాన్ని బిగించడానికి ఒకటి, అందరి మాటలూ అటూఇటూ చేరవేసే కమ్యూనికేషన్స్‌కు ఒకటి. మిషన్ సగం కాగానే అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు మారతారు. ఇందాకటిదాకా "కంట్రోల్ వాళ్లు ఎంతకీ జవాబివ్వరేం" అని విసుక్కున్న పిల్లాడు ఇప్పుడు అదే కుర్చీలో కూర్చుని చెమటలు పట్టించుకుంటాడు.

నేను పనిచేసిన చోట పనులన్నీ ఒక పద్ధతిలో పంచి ఉండేవి. కొలిచే పరికరం నౌకలో ఉంటుంది. ఆ కొలత మంచిదా చెడ్డదా చెప్పే పట్టిక కంట్రోల్లో ఉంటుంది. ఏ ఒక్కరి దగ్గరా మొత్తం సమాచారం ఉండదు. ఎంత తెలివైన పిల్లాడైనా ఒంటరిగా ఏమీ చేయలేడు, నోరు తెరిచి అవతలి గదికి చెప్పాల్సిందే. మన బడిలో ఇందుకు పూర్తిగా తిరగేసి జరుగుతుంది కదండీ. పరీక్ష హాల్లో పక్కవాడితో మాట్లాడితే తప్పు. పదేళ్లపాటు అలా పెంచి, ఆ తర్వాత ఉద్యోగంలో చేరగానే టీంవర్క్ రాదేమిటి నీకు అని అడుగుతాం.

ఒక మిషన్ కళ్లకు కట్టినట్టు చెప్పనివ్వండి. తోకచుక్కను వెతుక్కుంటూ వెళ్లి దాని దగ్గరకు ఒక పరిశోధక యంత్రాన్ని వదలాలి. నావిగేషన్ వాళ్లు దారి లెక్కలు కడుతున్నారు. ఉన్నట్టుండి ఎర్ర లైట్లు వెలిగాయి, సైరన్ మోగింది. నౌక ఉల్కల గుంపులోకి వచ్చిందని ప్రకటన. నౌకలో పిల్లలందరూ తెర దగ్గరకు ఎగబడ్డారు. ఒక్క లైఫ్ సపోర్ట్ బల్ల దగ్గరున్న అమ్మాయి మాత్రం కదల్లేదు. పదకొండేళ్లుంటాయేమో, అంతకుముందు గంటలో ఆ పిల్ల గొంతు నేను వినలేదు. ఆమె ముందున్న మీటరులో బొగ్గుపులుసు వాయువు, అదే కార్బన్ డయాక్సైడ్, పెరుగుతోంది. సైరన్‌కూ దానికీ సంబంధం లేదు. అది ఇంకో లోపం. మేము కావాలనే రెండూ ఒకేసారి పెట్టాం.

ఆ పిల్ల లేచి కమాండర్‌గా ఉన్న అబ్బాయి భుజం తట్టింది. వాడు "ఆగు, ఆగు" అన్నాడు. మళ్లీ తట్టింది. వాడు వెనక్కి తిరగలేదు. అప్పుడు తన బల్ల దగ్గరకు వెళ్లి కాగితం మీద పెద్ద పెద్ద అంకెలతో రీడింగ్ రాసి, దాన్ని తీసుకెళ్లి కమ్యూనికేషన్స్ పిల్లాడి కళ్లకూ తెరకూ మధ్య అడ్డంగా పట్టుకుంది. వాడు చదివేదాకా దించలేదు. చదివాడు. మైకులో చెప్పాడు. అవతలి గదిలో ఆమె జోడీగా ఉన్న అబ్బాయి పుస్తకం తిరగేస్తూ ఆ పేజీ వెతుక్కుంటున్నాడు. ఈలోగా రెండు గదులూ నిశ్శబ్దమైపోయాయి. "గాలి శుద్ధి చేసే డబ్బా మార్చండి, రెండో నంబరు తీసి నాలుగోది పెట్టండి" అని జవాబొచ్చింది. ఆ అమ్మాయి మార్చింది. మీటరు దిగింది.

అక్కడితో మిషన్ అయిపోయిందనుకోవద్దు. దాని తర్వాత అందరూ నేల మీద గుండ్రంగా కూర్చుంటారు. మిషన్ నడిపిన టీచరు, అక్కడ ఫ్లయిట్ డైరెక్టర్ అంటారు, ఆ రోజు మూడు ప్రశ్నలు వేశారు. గాలి పాడవుతున్న సంగతి మొదట ఎవరికి తెలిసింది? అందరికీ తెలిసేసరికి ఎంతసేపు పట్టింది? మధ్యలో ఎక్కడ ఆగిపోయింది? అంతే. ఎవరు గెలిచారు, ఎవరు బాగా చేశారు అన్న ఊసే లేదు. కమాండర్ పిల్లాడు తనంతట తానే "నా దగ్గర ఆగింది" అన్నాడు. ఎవరూ వాణ్ణి తిట్టలేదు. అయితే ఈసారి ఏం చేద్దాం అని మాట్లాడుకున్నారు. సైరన్ మోగినా సరే, ప్రతి బల్ల నుంచీ ఒక్క వాక్యంలో తమ పరిస్థితి చెప్పాలి అని నియమం వాళ్లే పెట్టుకున్నారు.

నా మనసుకు బాగా పట్టినది ఒకటుందని ఇందాక అన్నాను, అది ఇదే. ఆ కేంద్రాల విలువ లైట్లలో, సూట్లలో, తెరల్లో లేదు. కావాలని పెట్టే లోపంలో, దాని తర్వాత కూర్చుని మాట్లాడుకోవడంలో ఉంది. ఇది పిల్లల ఆటకు పనికొచ్చే చిట్కా అనుకుంటే పొరపాటు. చంద్రుడి మీద మనిషి దిగడం వెనక ఉన్నది ఇదే.

1969 జూలై మొదటి వారం. అపోలో 11 బయల్దేరడానికి ఇంకా పది పన్నెండు రోజులుంది. హ్యూస్టన్‌లో ఫ్లయిట్ డైరెక్టర్ జీన్ క్రాంజ్ జట్టు చంద్రుడి మీద దిగడాన్ని సాధన చేస్తోంది. ఈ సాధనలకు లోపాలు రాసే మనుషులు వేరే ఉండేవాళ్లు. రోజంతా వాళ్ల పని అదే, ఏ లోపం ఎప్పుడు పెడితే జట్టు తికమకపడుతుందా అని ఆలోచించడం. వాళ్ల పెద్ద డిక్ కూస్. ఆ రోజు ఆయన ల్యాండర్ కంప్యూటర్‌లో 1201 అనే అలారం మోగించాడు. గైడెన్స్ బల్ల దగ్గరున్న స్టీవ్ బేల్స్‌కు 26 ఏళ్లు. ఆ అలారం అంటే ఏమిటో తెలియక, దిగడం మానేసి వెనక్కి రమ్మన్నాడు. సాధన అయ్యాక డిక్ కూస్ చెప్పాడు, అక్కడ మానేయనవసరం లేదు, కంప్యూటర్ తన ముఖ్యమైన పనులు చేస్తూనే ఉంది, మీరు తొందరపడ్డారు అని. క్రాంజ్ అప్పుడు, రాగల అలారాలన్నిటికీ ఏం చేయాలో జాబితా తయారుచేయమన్నాడు. జాక్ గార్మన్ అనే 24 ఏళ్ల ఇంజనీరు చేత్తో రాసి జాబితా తయారుచేసుకున్నాడు.

జూలై 20న ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ నిజంగానే దిగుతుంటే 1202 అలారం మోగింది. ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతులో ఆత్రుత ఆ రికార్డింగులో ఇప్పటికీ వినిపిస్తుంది. గార్మన్ జాబితా చూసి, పదేపదే రాకపోతే పర్వాలేదన్నాడు. బేల్స్ వెళ్లొచ్చన్నాడు. కాసేపటికి 1201 కూడా మోగింది, సాధనలో మోగించిన అదే అలారం. దానికీ వెళ్లొచ్చనే అన్నాడు. దిగారు. ఆ లోపాన్ని ముందుగా ఒక మనిషి కూర్చుని రాసి ఉండకపోతే ఆ రోజు ఏమయ్యేదో నేను ఊహించదలచుకోలేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ పేరు మన పిల్లలందరికీ తెలుసు. డిక్ కూస్ పేరు కూడా తెలియాలని నాకుంది.

ఇప్పుడు మళ్లీ ఛాలెంజర్ దగ్గరకు రావాలి, రాకుండా ఉండలేను. ప్రయోగానికి ముందు రోజు సాయంత్రం, నౌకను పైకి నెట్టే బూస్టర్ రాకెట్లు తయారుచేసిన కంపెనీ ఇంజనీర్లు ఫోన్ సమావేశంలో వద్దని చెప్పారు. బూస్టరు ముక్కల మధ్య అతుకుల్లో వేడి వాయువు బయటికి రాకుండా రబ్బరు రింగులుంటాయి. చలికి అవి బిరుసెక్కుతాయి, ఇంత చలిలో ఎప్పుడూ ఎగరలేదు అని పట్టుబట్టారు. మొదట వాళ్ల మాటే నిలబడింది. తర్వాత పైవాళ్లు చర్చించుకుని, ఎగరొచ్చని చెప్పారు. తెల్లారి ప్రయోగ సమయానికి అక్కడ ఉష్ణోగ్రత రెండు డిగ్రీల సెల్సియస్. దర్యాప్తు సంఘం సభ్యుడు, భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ అందరి ముందూ ఆ రబ్బరు ముక్కను ఐసునీళ్లలో ముంచి చూపించిన సంగతి మీరు పిల్లలకు చెబుతూనే ఉంటారు. కానీ ఆ సంఘం తేల్చినది రబ్బరు ఒక్కటే కాదు. నిర్ణయం తీసుకునే పద్ధతిలోనే లోపం ఉందని కూడా తేల్చింది. తెలిసినవాడి మాట నిర్ణయం తీసుకునేవాడిదాకా చేరలేదు.

అందుకే, ఆ ఏడుగురి పేరు మీద పెట్టిన గదిలో ఒక పదకొండేళ్ల పిల్ల కాగితం పట్టుకుని అవతలివాడు చదివేదాకా దించకుండా నిలబడితే, ఇంతకంటే తగిన స్మారకం ఇంకోటి ఉండదనిపిస్తుంది నాకు.

ఇలాంటి కేంద్రాలు ఇంకా ఉన్నాయి. అన్నిటికంటే పేరున్నది అలబామా రాష్ట్రం హంట్స్‌విల్‌లోని స్పేస్ క్యాంప్. సాటర్న్ రాకెట్‌కు ఆద్యుడైన వెర్నర్ ఫాన్ బ్రాన్, అక్కడి మ్యూజియంకు వచ్చిన పిల్లల్ని చూసి, ఆటలకు క్యాంపులున్నాయి, బ్యాండుకు క్యాంపులున్నాయి, సైన్సుకు ఎందుకు లేదు అన్నారట. ఆయన పోయాక 1982లో ఆ మ్యూజియం డైరెక్టర్ ఎడ్ బక్బీ ఆధ్వర్యంలో అది మొదలైంది. తొమ్మిదేళ్ల పిల్లల దగ్గర్నుంచి ఇంటర్ చదివే వయసువాళ్లదాకా వేరువేరు కార్యక్రమాలున్నాయి. వారం రోజులు అక్కడే ఉండి, చివర్లో పెద్ద మిషన్ నడుపుతారు. ఫోటోల్లో మీరు చూసేది మాత్రం మూడు రింగుల్లో పిల్లల్ని గిరగిరా తిప్పే కుర్చీ. సరదాగానే ఉంటుంది. కానీ క్యాంపు అంటే అదేనని తల్లిదండ్రులు అనుకోవడం నాకు నచ్చదు. ఈమధ్య మన దగ్గర కూడా సమ్మర్ క్యాంపుల పేరుతో ఆ కుర్చీ, ఒక హెల్మెట్, ఒక సర్టిఫికెట్ పెట్టి ఫీజు వసూలు చేస్తున్నారు. సర్టిఫికెట్ ఇచ్చే ముందు పిల్లలతో అరగంట కూర్చుని ఏం జరిగిందో మాట్లాడతారా అని అడగండి. లేదంటే ఆ డబ్బుతో ఇంటికి ఒక మంచి బైనాక్యులర్ కొనండి.

హంట్స్‌విల్‌లో నాకు గౌరవం కలిగించినది ఇంకోటి. చూపు లేని, చూపు మందగించిన పిల్లల కోసం ఏటా ప్రత్యేకంగా ఒక క్యాంపు పెడతారు. అవే కన్సోళ్లు, అవే మిషన్లు. సూచనలు బ్రెయిలీలో, పెద్ద అక్షరాల్లో ఉంటాయి, తెర మీదిది కంప్యూటర్ చదివి వినిపిస్తుంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే మన భవిత కేంద్రాల్లో పనిచేసే టీచర్లు ఎవరైనా ఇక్కడుంటే తర్వాత నన్ను కలవండి, దీని గురించి విడిగా మాట్లాడాలి.

హంట్స్‌విల్ స్పేస్ క్యాంప్‌కు పద్నాలుగేళ్ల వయసులో వెళ్లిన డాటీ మెట్‌కాఫ్ అనే అమ్మాయి పెరిగి పెద్దయి హైస్కూల్లో సైన్స్ టీచరైంది. ఒకరోజు తరగతిలో ఎవరో లేచి, అంతరిక్షంలో బాత్రూంకి ఎలా వెళ్తారు టీచర్ అని అడిగారు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, మనలో చాలామంది ఆ పిల్లాణ్ణి కూర్చోమంటాం. ఆవిడ జవాబు వెతకడానికి నాసా వెబ్‌సైటు తెరిచింది. అక్కడ టీచర్లను వ్యోమగాములుగా తీసుకుంటున్నామన్న ప్రకటన కనపడింది. దరఖాస్తు పెట్టింది. 2010 ఏప్రిల్లో డిస్కవరీ నౌకలో వెళ్లింది. స్పేస్ క్యాంప్‌లో శిక్షణ పొంది నిజంగా అంతరిక్షానికి వెళ్లినవాళ్లలో మొదటి మనిషి ఆవిడే.

ఇంకో కేంద్రం గురించి చెప్పకపోతే ఈ సభకు అన్యాయం చేసినట్టే. యూటా రాష్ట్రంలో ప్లెజెంట్ గ్రోవ్ అనే చిన్న ఊరు. అక్కడి ప్రాథమిక పాఠశాలలో విక్టర్ విలియమ్సన్ అనే ఆరో తరగతి మాస్టారు ఉండేవారు. మొదట తన తరగతి గదిలోనే పిల్లలచేత కల్పిత అంతరిక్ష యాత్రలు చేయించేవారు. 1990లో అదే బడిలో అంతరిక్ష విద్యా కేంద్రం వచ్చింది. దానికి క్రిస్టా మెకాలిఫ్ పేరే పెట్టారు. వోయేజర్ అనే నౌక నమూనా కట్టారు. ఛాలెంజర్ కేంద్రాల్లో నాసా పద్ధతి ఎక్కువ, ఇక్కడ కథ ఎక్కువ. వేరే గ్రహాలవాళ్లు వస్తారు, సంధి మాట్లాడాలి, ఎవర్ని నమ్మాలో తేల్చుకోవాలి. నాకు నచ్చేదేమిటంటే ఆ మిషన్లను తెర వెనక నడిపించేది కూడా పిల్లలే. అంతకుముందు యాత్ర చేసినవాళ్లు కొంచెం పెద్దయ్యాక వలంటీర్లుగా వచ్చి వేషాలు వేస్తారు, లైట్లూ శబ్దాలూ చూసుకుంటారు. ఇదంతా ఒక బడిపంతులు తన గదిలో మొదలుపెట్టినది. ఆయన దగ్గర ఉన్నదీ మన దగ్గర ఉన్నదీ ఒకటే, ఒక తరగతి గది, దాన్నిండా పిల్లలు.

మన దేశంలో ఇస్రో 2019 నుంచి యువిక నడుపుతోంది. యువ విజ్ఞాని కార్యక్రమం. తొమ్మిదో తరగతి పిల్లలకు వేసవిలో రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లో శిక్షణ. శ్రీహరికోటలోని మన షార్, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీ కూడా ఆ కేంద్రాల్లో ఉన్నాయి. ప్రయాణం, వసతి ఖర్చులు ఇస్రోవే. పల్లెటూరి బడుల పిల్లలకు ఎంపికలో అదనపు మార్కులున్నాయి. ఎనిమిదో తరగతి మార్కులు, సైన్స్ ఫెయిర్, క్విజ్, ఆటలు అన్నీ లెక్కలోకి వస్తాయి. సంక్రాంతి సెలవులయ్యాక ఇస్రో వెబ్‌సైటు మీద ఒక కన్నేసి ఉంచండి, ప్రకటన మామూలుగా ఆ తర్వాతే వస్తుంది. షార్ గోడకు ఆనుకుని ఉన్న మండలాల నుంచే దరఖాస్తులు వెళ్లకపోతే బాగుండదు.

కానీ యువికకు దేశం మొత్తం మీద ఎంపికయ్యేది కొన్ని వందల మంది. ఒక్కో హైస్కూల్లోనే అంతమంది పిల్లలున్నారు మనకు. మిగతావాళ్ల సంగతి? ప్రయోగాలు చూసే గ్యాలరీకి తీసుకెళ్లి రాకెట్ చూపిస్తున్నాం, మంచిదే. చూడటం వేరు, చేయడం వేరు.

ఇక్కడివాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. ఆగిపోయిన ప్రయోగాలను కూడా దగ్గర్నుంచి చూశారు. 2019 జూలై 15 అర్ధరాత్రి దాటాక చంద్రయాన్ 2 కోసం ఎంతమంది మేడల మీద కూర్చున్నారో మీకు గుర్తుంది. 56 నిమిషాల 24 సెకన్లు ఉందనగా ఆపేశారు. వారానికి, 22న, లేచింది. 2023 అక్టోబర్ 21న గగన్‌యాన్ మొదటి టెస్ట్ వెహికల్, అంటే పరీక్ష కోసం ఎగరేసే రాకెట్, ఐదు సెకన్లు ఉందనగా ఆగింది. కంప్యూటర్ ఏదో తేడా గమనించి ఆపింది. ఏమిటో వెతికి సరిచేసుకుని అదే ఉదయం పది గంటలకు ఎగరేశారు. ఇలాంటివి జరిగినప్పుడు పిల్లలు ఉసూరుమంటూ ఇళ్లకు పోతారు. మర్నాడు క్లాసులో ఆ ఐదు సెకన్ల గురించే మాట్లాడండి. ఆపమని చెప్పగలగడం ఎంత పెద్ద పనో అంతకంటే దగ్గరగా చూపించే ఉదాహరణ దొరకదు.

మరి మన బడిలో ఎలా చేయాలి? పక్కపక్కన రెండు గదులు చాలు. కంప్యూటర్లు అక్కర్లేదు. పిల్లలు సొంతంగా పరికరాలు చేసి చూసే అటల్ టింకరింగ్ ల్యాబ్ మీ బడిలో ఉంటే వాడుకోండి, లేదని ఆగిపోవద్దు. అంగారకుడి మిషన్ అనుకుందాం. ఫోన్లు వద్దు, చీటీలు చాలు. అంగారకుడు మనకు బాగా దగ్గరకొచ్చినప్పుడు దాదాపు ఐదున్నర కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉంటాడు. వెలుగు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది. భాగిస్తే సుమారు 183 సెకన్లు, మూడు నిమిషాల పైచిలుకు. కాబట్టి గుమ్మం దగ్గర ఒక పిల్లాణ్ణి స్టాప్‌వాచ్‌తో నిలబెట్టండి. నౌక నుంచి వచ్చిన చీటీని మూడు నిమిషాలు తన దగ్గరే పెట్టుకుని అప్పుడు అవతలి గదిలో ఇస్తాడు. జవాబు రావడానికి ఇంకో మూడు నిమిషాలు. వెలుగు వేగం గురించి బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా అర్థంకాని సంగతి, ఆ చీటీ కోసం ఎదురుచూసే ఆరు నిమిషాల్లో అర్థమవుతుంది. ఒక్క చీటీలో అవసరమైనదంతా రాయకపోతే ఇంకో ఆరు నిమిషాలు పోతాయని కూడా వాళ్లకే తెలుస్తుంది.

లైఫ్ సపోర్ట్‌కు సున్నపు తేట పెట్టండి. మీరు ఎలాగూ ప్రయోగశాలలో చేయించేదే. నౌకలో పిల్లలు గొట్టంతో ఊదితే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువుకు తెల్లబడుతుంది. అది ఎంత తెల్లబడితే ఎంత ప్రమాదమో చెప్పే రంగు పట్టిక కంట్రోల్లో ఉండాలి. నీళ్లకు లిట్మస్, పసుపు కాగితం. నావిగేషన్‌కు గ్రాఫ్ కాగితం. వైద్యానికి నాడి చూడటం, జ్వరం చూసే థర్మామీటర్. వారం ముందే ఎవరికి ఏ పని కావాలో, ఎందుకు కావాలో ఒక పేజీ రాయించండి. ఛాలెంజర్ సెంటర్లకు వచ్చే బడుల్లోనూ ఇలాగే ముందు దరఖాస్తు రాయిస్తారు. ఒక్క మాట మాత్రం నా మీద దయుంచి వినండి. ఫస్టు ర్యాంకు పిల్లాడికి ప్రతిసారీ కమాండర్ కుర్చీ ఇవ్వకండి. వాడికి లైఫ్ సపోర్ట్ ఇవ్వండి, తన మాట ఎవరూ వినకపోతే ఏం చేస్తాడో చూడండి. వాడికి అది అవసరం. మాటలన్నీ తెలుగులోనే మాట్లాడుకోనివ్వండి. గాలి పాడైపోతుంటే ఇంగ్లీషు వెతుక్కోనక్కర్లేదు.

లోపాలు రాసే పని కిందటేడు మిషన్ చేసిన పిల్లలకు అప్పజెప్పండి, యూటా మాస్టారి బడిలో పెద్దపిల్లలు నడిపించినట్టు. వాళ్లు మీకంటే బాగా రాస్తారు, ఎక్కడ ఇబ్బందిపడ్డారో వాళ్లకు తెలుసు. లోపం ఎప్పుడూ పరిష్కారం ఉన్నదే అయ్యుండాలి. పిల్లల్ని ఓడించడానికి రాసిన లోపం నాకు ఇష్టం లేదు, దాన్నుంచి ఎవరూ ఏమీ నేర్చుకోరు. పీరియడ్ సరిపోకపోతే మిషన్ తగ్గించండి గానీ తర్వాత కూర్చుని మాట్లాడుకునే సమయం తగ్గించకండి. మీకు మూడు ప్రశ్నలు ముందే చెప్పాను.

ఇందాక పంచిన కాగితాల్లో అంగారకుడి మిషన్ ఒకటి పూర్తిగా రాసి ఉంది. ఆఖరి పేజీలో లోపాల పట్టిక ఉంటుంది, అది మాత్రం చూడకండి. భోజనాలకు ఇంకా ముప్పావుగంట టైముంది, హెచ్ఎం గారు పక్కగది తాళం ఇప్పించారు. ఎడమవైపు కూర్చున్నవాళ్లు నౌకలోకి వెళ్లండి. కుడివైపు వాళ్లు కంట్రోల్. పీడీ సార్, స్టాప్‌వాచ్ మీ దగ్గరే ఉంది కదా, మీరు గుమ్మం దగ్గర నిలబడండి, మూడు నిమిషాలకు ఒక్క సెకను ముందు కూడా చీటీ ఇవ్వొద్దు. సెల్‌ఫోన్లు మాత్రం అందరూ ఈ బల్ల మీద పెట్టి వెళ్లండి.